మా కుళాయి గొట్టం రాగిది కాదు

మా మామగారు పోయారు. ఒంగోలులోని మా పాత ఇంటి వసారాలో మధ్యాహ్నం కునుకు తీస్తూనే వెళ్లిపోయారు. కబురు తెలిసి వచ్చినవాళ్లలో చాలామంది ఒకటే మాట: "రాగినీళ్ల పెద్దాయన పోయాడా!" ఆ మాట విన్నప్పుడల్లా సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఊళ్లోకి కుళాయిలు కొత్తగా వచ్చిన రోజుల్లో ఆయన తండ్రిగారు కట్టించిన ఇల్లు ఇది. గొట్టాలన్నీ రాగివని ఆ పెద్దాయన చెప్పారట. తండ్రి మాట మా మామగారికి వేదం. పెరట్లో కుళాయి పక్కన నిలబడి, వచ్చినవాళ్లందరికీ గ్లాసు అందించేవారు. "తాగండి, రాగి గొట్టంలోంచి వచ్చిన నీళ్లు. రాత్రి చెంబులో పోసిపెట్టుకునే పనే లేదు" అని మురిసిపోయేవారు. వీధిలో బాలింతలకు మా నీళ్లే. ఎదురింటి అవ్వ మోకాళ్ల నొప్పులకని పొద్దున్నే సీసా పట్టుకొచ్చేది. ఇంతా చేసి ఆ రాగిని కళ్లతో చూసినవాళ్లు లేరు. ఇంటికి సున్నం వేసినప్పుడల్లా గొట్టాలకు వెండి రంగు కొట్టించడం మా ఇంటి ఆనవాయితీ. పూత మీద పూతపడి గొట్టం అరటిబోదెలా నున్నగా తయారైంది.

మార్టూరులో గ్రానైటు పాలిష్ పని చేయించే మా అన్నయ్య ఒకసారి భోజనానికి వచ్చి, చేతులు కడుక్కుంటూ నవ్వాడు.

"మావయ్యగారూ, రాగి గొట్టమైతే నీళ్లు తుప్పు రంగులో వస్తున్నయ్యేందండీ?"

"తుప్పు కాదయ్యా, చెరువు మట్టి. ఉండు, నీకు కళ్లారా చూపిస్తా."

నా చేతిలోని చాకు తీసుకుని గొట్టం గీకడం మొదలుపెట్టారు. వెండి రంగు, దాని కింద పచ్చ రంగు, మళ్లీ వెండి రంగు. చివరికి తెల్లటి లోహం బయటపడింది. రాగైతే ఎర్రగా మెరవాలి. "ఇక్కడ అతుకేమో" అని జానెడు పైన గీకారు. అక్కడా అంతే. "పోనీయండి మావయ్యగారూ" అని అన్నయ్య బతిమాలినా ఆగలేదు. పాత రేడియో స్పీకరులోంచి తీసిన అయస్కాంతం ఒకటి ఇంట్లో ఉండేది. రాగికి అది అంటదు. తెచ్చి ఆనించగానే టక్కున అంటుకుంది. "ఇనుమే" అన్నారు తనలో తాను. ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాడు ఉతికిన చొక్కా వేసుకుని ఎదురింటికి వెళ్లారు.

"అవ్వా, మాది రాగి కాదు, ఇనప గొట్టం. ఇన్నాళ్లూ నీకు అబద్ధం తాగించా. తప్పైపోయింది."

"నా మోకాళ్లకైతే తగ్గిందిగా నాయనా" అంది అవ్వ నవ్వుతూ. అది విని ఆయన మరింత కుంగిపోయారు.

తర్వాత వీధి వీధంతా తిరిగారు. మా ఆయనకు ఒళ్లు మండింది.

"ఎవరడిగారని చెప్తున్నావ్ నాన్నా? పరువు తీస్తున్నావ్."

"రాగని ఎవరడిగితే చెప్పానురా? ఇదీ అంతే."

ఆనాటి నుంచి అయస్కాంతం గొట్టం మీదే ఉండేది, నీళ్లకు వచ్చినవాళ్లందరికీ కనపడేలా. ఊరెళితే మాత్రం ఆయన జేబులోకి చేరేది. పాత ఇల్లు కనిపిస్తే చాలు, పాఠం మొదలు: "ఇది అంటుకుంటే ఇనుము. అంటుకోకుండా, గీకితే ఎర్రగుంటే రాగి. బూడిద రంగులో మెత్తగుండి గోటికే గీత పడితే సీసం. ఆ నీళ్లు పిల్లలకు పట్టమాకండి." దర్శిలో ఒక పెళ్లికి వెళితే, విడిదింటి గోడవార గొంతుక్కూర్చుని రూపాయి బిళ్లతో గొట్టం గీకుతున్నారు. మగపెళ్లివారు వింతగా చూస్తుంటే నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. తిరుగు బస్సులో ఆయనే అన్నారు, "గీకందే నమ్మమాకమ్మాయ్."

అంతటి మనిషి పోయిన రోజు, జనం రాకముందే నేను చేసిన పని ఆ అయస్కాంతం పీకి బియ్యం డబ్బా వెనక దాచడం. గీకిన చోట తడి తువ్వాలు ఆరేశాను. నలుగురూ వచ్చే వేళ ఆ గొడవెందుకనుకున్నాను. పెద్దకర్మకు ముందురోజు మా ఆయన గొట్టానికి మళ్లీ వెండి రంగు వేయించారు. నేను వద్దనలేదు.

పెరట్లో పెద్దకర్మ భోజనాలు జరుగుతుంటే, ఇనుము సంగతి చేరని పొరుగూరి పెద్దమనిషి ఒకాయన "మీ నాన్నగారి రాగినీళ్ల రుచే వేరు బాబూ" అన్నాడు. "తాతగారి కాలం నాటివండి" అన్నారు మా ఆయన. నేను గ్లాసుల్లో నీళ్లు పోస్తూనే ఉన్నాను. అంతలో, వీధి చివర కొత్తగా దిగిన ఒకామె ఖాళీ సీసాతో పెరటి గుమ్మం దగ్గరికి వచ్చింది.

"అక్కా, మా అమ్మాయి బాలింత. ఇక్కడ రాగినీళ్లు దొరుకుతాయంటే వచ్చాను."

లోపలికి వెళ్లి, బియ్యం డబ్బా వెనక నుంచి అయస్కాంతం తెచ్చాను. దగ్గరికి చేర్చానో లేదో, చేతిలోంచి లాక్కున్నట్టు వెళ్లి గొట్టానికి టక్కున అంటుకుంది. పంక్తిలో తలలన్నీ ఇటు తిరిగాయి.

"ఇనప గొట్టమమ్మా. మా మావయ్యగారు అందరికీ చెప్పారు. మేమే దాచాం" అన్నాను.

మా ఆయన విస్తట్లోంచి తల ఎత్తలేదు. అవ్వ మాత్రం పెరటి అరుగు మీద నుంచి "నాకు ఇంటికొచ్చి మరీ చెప్పాడు" అంటూ కళ్లు తుడుచుకుంది. ఆరీ ఆరని వెండి రంగు నా వేళ్లకు అంటుకుంది. కిరసనాయిలుతో రుద్దినా పూర్తిగా వదల్లేదు. ఇది రాస్తుంటే బొటనవేలి గోటి అంచున ఇంకా కాస్త మెరుస్తోంది.