గోపాల్‌పూర్‌లో తోడికోడలు

గోపాల్‌పూర్ సముద్రపొడ్డున పాత ఓడరేవు గోడలు ఇంకా నిలిచి ఉన్నాయని నాకు మొదట చెప్పింది బరంపురం గోసాని నువాగాంలో ఉండే మా ఆడపడుచు. ఒక మార్గశిర గురువారం వెళ్ళి చూశాను. ఉప్పుగాలికి సున్నం రాలిపోయినా ఆ కమానులు ఎంత ఠీవిగా ఉన్నాయో!

పక్కనే ఒక జాలరి ఇంటి వాకిట్లో బియ్యప్పిండితో లక్ష్మీపాదాలు వేసి ఉన్నాయి. లోపల పూజ ముగించి లేస్తున్న పెద్దావిడ కనిపిస్తే, దణ్ణం పెట్టుకుని అలవాటుగా ప్రసాదానికి చెయ్యి చాపాను. ఆవిడ ముఖం చిన్నబోయింది.

"ఈ పెసాదం గడప దాటకూడదమ్మా. ఇంటోళ్ళే తినాల. పెళ్ళైపోయిన కూతురిక్కూడా ఎట్టం. మిగల్నీకూడదు కూడాను. కొడుకూ కోడలూ పనికని సూరత్ ఎల్లిపోనారు. నానొక్కదాన్నీ ఎంతని తింతాను?"

కొబ్బరి పూర్ణం పెట్టి ఆవిరిమీద ఉడికించిన మండాలు పళ్ళెం నిండా ఉన్నాయి. ఆవిడ వాటినీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"ఇయ్యాల్టికి నా తోడికోడలివైపో. లోపలికి రా."

"తోడికోడలినైతే పెద్దది నాకే కావాలని పోట్లాడతాను మరి!"

"పోట్లాడు. పళ్ళెం కాళీ అయితే సాలు."

ఒక్కటీ మిగల్చకుండా తిన్నాం. ఒక్క పూటకు నన్ను ఆ ఇంటిదాన్ని చేసిన అమ్మవారికి ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే. ఆవిడ పేరు ఎర్రమ్మ. మీరు దీపం పెట్టుకునేటప్పుడు ఒక్కసారి తలుచుకోండి, వచ్చే మార్గశిరానికి ఆవిడ పక్కన సొంతవాళ్ళే కూర్చోవాలని.