యాభై రెండు శాతం

నరం దొరకని పిల్లలు వస్తే ఆ వార్డులో అందరూ ఒక్క మనిషినే వెతికేవారు. పదమూడేళ్లుగా అక్కడే చేస్తున్న ఆ నర్సును తల్లులు ‘ఒక్కసూది సిస్టర్’ అనేవారు. చంటిబిడ్డ చెయ్యి పట్టుకుని, వెలుతురుకి కాస్త వంచి, ఒక్కసారే గుచ్చేది.

అంతటి పనితనం ఉన్న మనిషికి నర్సింగ్ డిగ్రీలో వచ్చినవి యాభై రెండు శాతం. మూడో ఏడాది పరీక్షలప్పుడు తండ్రి మంచాన పడ్డాడు. పొద్దున పరీక్ష రాసి, మధ్యాహ్నం వచ్చి ఆయన పక్కబట్టలు మార్చేది. ఆయనా పోయాడు, రెండు పేపర్లూ పోయాయి. తర్వాత సప్లిమెంటరీలో గట్టెక్కింది గానీ, శాతం మాత్రం పెరగలేదు.

ముప్పై ఆరో ఏట ఎమ్మెస్సీ చేయాలనిపించింది. తన దగ్గర సెలైన్ పెట్టడం నేర్చుకున్న అమ్మాయిలు ఒక్కొక్కరే పై చదువు చదివొచ్చి, తనకే డ్యూటీలు వేయడం మొదలుపెట్టారు మరి.

దరఖాస్తులో ‘తక్కువ మార్కులకు కారణం’ అని ఓ గడి ఉంది. బడిలో పాఠాలు చెప్పే అక్క పక్కన కూర్చుంది.

“నాన్న సంగతి రాయవే. మనసు కరుగుతుంది.”

“ఆయన్ని అడ్డం పెట్టుకుని సీటు అడగనా అక్కా?”

“జరిగిందేగా రాసేది! రాయి.”

రాసింది. సిఫారసు ఉత్తరం హెడ్ సిస్టర్ ఇచ్చింది, కవరు అంటించి మరీ. “నీకు కాకపోతే ఇంకెవరికిస్తారే?” అని బుగ్గ తట్టింది కూడా.

నాలుగు కాలేజీలకు పంపితే మూడేమో మార్కులు చూసి పక్కన పడేశాయి. నాలుగోది ఇంటర్వ్యూకి పిలిచింది. బల్ల వెనక ముగ్గురు. మధ్యలో ఉన్న ప్రిన్సిపాలమ్మ కాగితం చదివి కళ్లజోడు తీసింది.

“అందరి నాన్నలూ పోతారమ్మా. అందరూ ఫెయిలవరు.”

పక్కనున్నాయన నవ్వాపుకోడానికి మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు.

“పోనీ, ఇది విను. మీ హెడ్ సిస్టర్ రాసింది. ‘చెప్పిన పని చేస్తుంది. సొంతంగా ఆలోచించాల్సిన చదువు ఈమెకు తగదు. వార్డులో ఉండటమే ఆమెకూ మాకూ మంచిది.’ మీవాళ్లే ఇలా అంటే మేమేం చేయగలం?”

ఆమె లేచింది. తలుపు ఎటు తెరుచుకుంటుందో తెలియక రెండుసార్లు లాగింది.

మర్నాడు హెడ్ సిస్టర్ దుప్పట్లు మడత పెడుతోంది.

“అలా ఎందుకు రాశారు మేడం?”

“నువ్వు పోతే ఇక్కడెవరు చూస్తారు? నా రిటైర్మెంటుకి రెండేళ్లుంది. ఆ తర్వాత నీ ఇష్టమొచ్చిన చోటికి పో.” ఆవిడ మొహంలో సిగ్గన్నది లేదు. దుప్పటి కొసలు కలిపి పక్కన పెట్టింది.

మూడు వారాలకు హెడ్ సిస్టర్ తన నాలుగేళ్ల మనవరాల్ని ఎత్తుకుని పరిగెత్తుకొచ్చింది. వాంతులతో పిల్ల వడలిపోయింది. వెంటనే సెలైన్ ఎక్కించాలి.

“నువ్వే పెట్టవే, తొందరగా.”

ఆమె చేతులు కట్టుకుంది. “నాకంత తెలివి లేదు మేడం. ఎమ్మెస్సీ అమ్మాయి ఉందిగా.”

ఆ అమ్మాయి గుచ్చింది. నరం దొరకలేదు. మళ్లీ గుచ్చింది. పిల్ల కెవ్వున ఏడ్చింది. హెడ్ సిస్టర్ ఆమె వైపు చూసి దణ్ణం పెట్టింది. ఆమె కదల్లేదు. ఆ దణ్ణం చూస్తుంటే లోపల ఏదో చల్లబడింది, అది నిజం. మూడోసారి గుచ్చినప్పుడు పిల్లకి ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది. అప్పుడు గబుక్కున ముందుకెళ్లి, సూది లాక్కుని, ఒక్కసారిలో పెట్టింది.

ఆ సాయంత్రం అన్నం తింటూ అక్కకి చెప్పింది.

“భలే బుద్ధి చెప్పావు ముసల్దానికి!” అంది అక్క.

“గుచ్చింది దాన్ని కాదక్కా,” అని కంచం ముందు నుంచి లేచిపోయింది.

పిల్ల కోలుకుంది. హెడ్ సిస్టర్ ఎవరితోనూ ఏమీ అనలేదు. నెల తిరక్కుండా ఆమెను పాత కేసు షీట్లుండే గదికి మార్పించింది. కిటికీ లేదు, ఫ్యాను ఉన్నా తిరగదు. తుమ్ముకుంటూ, దుమ్ము దులుపుకుంటూ, అప్పట్లో తప్పిన ఆ రెండు సబ్జెక్టులూ దూరవిద్యలో మళ్లీ చదివింది. రెండింట్లోనూ ఎనభై దాటాయి. ఈసారి ఉత్తరం పిల్లల డాక్టరుని అడిగి రాయించుకుంది. కారణం గడిలో ‘అప్పుడు చదవలేదు’ అని రెండే ముక్కలు రాసింది. అక్క చూసి తల కొట్టుకుంది.

పేరూ ఊసూ లేని ఓ కాలేజీ సీటిచ్చింది. మొదటి రోజు అందరికంటే ముందే వెళ్లి మొదటి బెంచీలో కూర్చుని, పెన్ను మూత తీసి పెట్టుకుంది. వెనక నుంచి ఓ అమ్మాయి భుజం మీద తట్టింది.

“పిన్నిగారూ, కాస్త చివరికి జరుగుతారా? బోర్డు కనబడట్లేదు.”

క్లాసంతా గొల్లుమంది. ఆమె పుస్తకాలు తీసుకుని చివరి బెంచీకి వెళ్లింది.