నాగనాథ్ డాక్టరు, పక్షుల చుట్టరికాలు

నాందేడ్‌లో నాగనాథ్ డాక్టరు కంటబడిన పక్షి ఏదైనా సరే, ఆయనకు నాలుగు బొట్ల నెత్తురు ఇవ్వకుండా ఎగిరిపోవడానికి వీల్లేదు. నిజాం కొలువులో పశువుల డాక్టరుగా చేసి పింఛను పుచ్చుకున్నాక ఆయన పెట్టుకున్న పని ఒక్కటే: ఏ పక్షికి ఏ పక్షి చుట్టమో తేల్చడం.

ఎట్లా తేలుస్తాడో ఎవరూ అడగకపోయినా చెప్పేవాడు. కోడి నెత్తురు పేరుకున్నాక పైకి తేలే తేటను సూదితో కుందేలుకు ఎక్కించాలి. కొన్నాళ్ళకు ఆ కుందేలు నెత్తురు కోడిని గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. అప్పుడు దాని తేటలో ఇంకో పక్షి తేట కలిపితే, అది కోడికి చుట్టమైతే గాజు గొట్టంలో తెల్లగా మబ్బు కమ్ముతుంది. పరాయిదైతే నీళ్ళలాగే ఉంటుంది.

ఒకసారి కాశీబాయి ఇంట్లో పెళ్ళి విందుకు పోయి, కోడికూర వడ్డించగానే విస్తరి ముందు నుంచి లేచాడు.

"కోసేటప్పుడు నన్నెందుకు పిలవలే? ఇప్పుడు ముక్కలు పెడ్తె నేనేం జెయ్యాలె?"

"తినాలె, కాకా!" అన్నారు పెళ్ళివారు.

పక్కవాడ సంగవ్వయితే ఆయన దగ్గు వినబడగానే బాతులను గంప కింద మూసేసేది.

ఆయన్ను చూసి అందరికంటే ఎక్కువ నవ్వినవాడు సైన్సు మాస్టరు బాబురావు. రెండో ఏడు నడుస్తున్న కూతురు విమల నోట్లో కోడిగుడ్డు ముద్ద పెట్టిన నాడు ఆ నవ్వు ఆగిపోయింది. మింగీ మింగకముందే పిల్ల పెదవులు ఉబ్బాయి. గొంతులో ఈల మోగింది. ఎట్లాగో బతికింది. ఆనాటి నుంచి బాబురావు నిద్రపోయే పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూడటం, ఆ వేలికి పిల్ల లేచి ఏడవడం, భార్య జనాబాయి ఇద్దరినీ తిట్టడం ఇంట్లో ఆచారమైపోయింది.

తర్వాత చలిజ్వరం వచ్చి పిల్ల పుల్లలా చిక్కింది. "కోడిది పడకుంటె బాతుది పెట్టుండ్రి. వేరే పక్షి గదా?" అన్నాడు బజారు వైద్యుడు. జనాబాయి బాతుగుడ్డు తెప్పించి, ఉడకబెట్టి మెదిపింది. బాబురావు చెంచా పట్టుకొని పిల్ల ముఖంలోకే చూస్తున్నాడు.

"పెట్టుండ్రి, ఎంతసేపు?"

"ఉండు. పెదవి ఉబ్బినట్టు లేదా?"

"ఇంకా గుడ్డే పెట్టలే!"

విమల నోరు తెరిచింది. చెంచా కదిలింది.

"ఆగు బాబురావ్!"

నాగనాథ్ చెప్పులతోనే దూసుకొచ్చాడు. చేతిలో గాజు గొట్టం, చంకలో కుందేలు.

"మా ఇంట్ల పక్షులు లెవ్వు, పోండి కాకా," అంది జనాబాయి.

"పక్షి కోసం రాలే బిడ్డా. పిల్లకు గట్లయిన కానుంచి ఈ కుందేలుకు కోడిగుడ్డు తెల్లసొన ఎక్కిస్తున్న. బజారు వైద్యుడు బాతుగుడ్డు పెట్టుమన్నడని తెలిసి, ఇయ్యాల దీని తేటల బాతుగుడ్డు సొన కలిపిన. సూడు."

గొట్టంలో మబ్బు. పల్చనిదే, కానీ మబ్బే.

బాబురావు గొట్టం వైపు వంగి చూశాడు. "గొట్టం వేరు, పసిదాని కడుపు వేరు కాకా. గిది చూసి పడదని ఎట్ల చెప్తరు?"

"చెప్పలేను. పడ్తదని గూడ చెప్పలేను. రెండూ చుట్టాలని చెప్తున్న. ఇగ నీ ఇష్టం."

"మరి పిల్లకు బలమెట్ల?" జనాబాయి కళ్ళు నిండాయి.

"పాలున్నయి, పప్పున్నది, జొన్నజావ ఉన్నది. వాటికేమన్న రెక్కలున్నయా?"

బాబురావు చెంచా దించాడు. అందిన ముద్ద పోయిందని విమల గుక్కపట్టింది. ఆ ఏడుపుకు సంగవ్వ పరుగెత్తుకొచ్చింది.

"అయ్యో, గుడ్డు పెట్టిండ్రా ఏంది?"

"లేదవ్వా," అంది జనాబాయి. "పిల్లకు గుడ్డు పడదని నీకెట్ల తెలుసు?"

"వాడకట్టంత తెలుసు. డాక్టర్ సాబ్ ఇల్లిల్లు తిరుగుతుండు గదా! నెత్తురు కోసమే అనుకొని తలుపులేస్తె, కిటికీలకెల్లి చెప్పిపోయిండు. మాస్టర్ బిడ్డ ఆడుకుంట వస్తె గుడ్డు ముట్టియ్యొద్దట. పెట్టినోళ్ళ నెత్తురు తీస్తడట! మాస్టర్ అసలే భయస్తుడు, ఆయనకు చెప్పకుండ్రి అన్నడు."

బాబురావు తలెత్తి చూశాడు. నాగనాథ్ ముఖం కందిపోయింది.

"గట్ల బెదిరియ్యకుంటె వింటరా వీళ్ళు?" అని గొణిగి, కుందేలును కింద దించాడు.

విమల ఏడుపు మాని, దాని చెవులు రెండూ పట్టుకొని గుంజింది. బాబురావు ఉలిక్కిపడి లేచాడు.

"భయపడకు బాబురావ్," అన్నాడు నాగనాథ్. "నా కుందేలు ఓర్చుకుంటది."