కిటికీ గట్టు మీద కప్పులు

తారాబాయి ఆంటీది నిజామాబాద్. ఈ పరాయి దేశంలో, టకానిని అనే ఊళ్లో, ఆకుకూరలు కడిగి సంచుల్లో నింపే మా షెడ్డులో పదకొండేళ్లుగా పాలకూర లైను ఆమెదే. డ్రైవింగ్ పరీక్ష మూడుసార్లు తప్పింది. నాలుగోసారికి నేర్పించేవాడే ఫోన్ ఎత్తడం మానేశాడు. అందుకని రోజూ మౌంట్ ఆల్బర్ట్‌లో మొదటి రైలెక్కి, మధ్యలో ఇంకోటి మారి, ఏడింటికల్లా ఏప్రన్ కట్టుకుని నిలబడుతుంది.

షెడ్డులో ఎండాకాలమైనా చలే. నేను మూడు జతల సాక్సులు వేసుకుంటాను, ఆంటీ ఒక్క జతే. "నోరు నడుస్తుంటే కాళ్లు చల్లగ కావు పిల్లా" అంటుంది.

పోయినేడు యూనియన్ ఒప్పందం మళ్లీ రాసుకోవాల్సి వచ్చింది. షిఫ్టు ఐదున్నరకే మొదలు కావాలంది కంపెనీ. ఆ వేళకు ఆంటీ చేరుకునే రైలు లేదు. అది ఒప్పుకుంటే ఆమె పని పోయినట్టే. మా యూనియన్ ప్రతినిధిగా మేనేజర్ క్రెయిగ్‌తో మాట్లాడాల్సిందీ ఆమే.

"మన బలమెంతో తెల్వకుండ ఆ గదిల కూసుంటే ఎట్ల?" అని, స్మోకోలో, అంటే మా టీ విరామంలో, సకినాల డబ్బా పట్టుకుని ప్రతి టేబుల్ దగ్గరికీ వెళ్లింది. "ఐదున్నర వద్దని నిలబడ్తరా?" యాభైరెండు మందిలో నలభైనాలుగు తలలు ఊగాయి. నేనూ "సరే ఆంటీ" అన్నాను.

ఫోర్క్‌లిఫ్టు నడిపే శశిధర్ నవ్వాడు. ఈ దేశపు దక్షిణ కొసన, ఇన్వర్‌కార్గిల్‌లో చదువుకుని వచ్చినవాడు. "అది యూనియన్ బలం కాదాంటీ, సకినాల బలం. నోట్లో పెట్టుకుని ఎవరు కాదంటారు?"

"నీకింకోటి ఇయ్య, పో" అంది గానీ, ఆ రోజంతా ఆంటీ నోరు నడవలేదు.

క్రెయిగ్ ఆఫీసుకున్న పెద్ద అద్దాల కిటికీ మా టీ గదిలోకే ఉంటుంది. మా కప్పుల మీద ఎవరి పేరు వాళ్లు రాసుకుంటాం. మర్నాడు ఆంటీ, "టీ తాగినంక ఎవరి కప్పు వాళ్లు ఆ కిటికీ గట్టు మీద పెట్టుండ్రి. పేరు క్రెయిగ్ దిక్కు ఉండాలె. గంతే" అంది.

తొమ్మిది కప్పులు వచ్చాయి. అందులో శశిధర్‌ది ఒకటి. నేను మాత్రం కడిగిన కప్పునే మళ్లీ కడుగుతూ నిలబడ్డాను.

ఆంటీ కోప్పడలేదు. ఒక్కొక్కరి పక్కనా కూర్చుని ఎందుకు పెట్టలేదో అడిగింది. కొందరికి వీసా భయం. బళ్లో పిల్లలున్న నలుగురు తల్లులకైతే ఐదున్నరే కావాలి, పిల్లలు బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఉండొచ్చని. "ఎవరికేం కావాలో అడగకుండనే అందరి మాట నేనే చెప్పేస్తి" అని తనే నాలుక కరుచుకుంది. మా డిమాండు మార్చింది: ఇష్టమున్నవాళ్లే ఐదున్నరకు, మిగతావాళ్లు ఏడింటికి.

నా దగ్గరికీ వచ్చింది. "నీకేం భయం?"

"టెన్త్ కూడా పూర్తి చెయ్యలేదాంటీ. ఇక్కడ తీసేస్తే ఇంకెవరిస్తారు పని?"

"నాది ఏడో తరగతే. ఆ లారీల ఆకుకు మన చదువుతోని ఏం పని? పొద్దుగాల దిగుతది, కడగకుంటే సాయంత్రానికి వాడిపోతది. క్రెయిగ్ ఒక్కడే కడుగుతడా?"

ఆమె లేచి పక్క టేబుల్ దగ్గరికి వెళ్లింది.

చర్చ జరిగే రోజు స్మోకోలో లెక్కపెట్టాను. ముప్పైఆరు కప్పులు. గట్టు చివర ఒక్క కప్పుకే చోటుంది. నాది పెట్టి, పేరు అటు తిప్పి, వెనక్కి చూడకుండా లైను దగ్గరికి వెళ్లిపోయాను.

లోపల ఆంటీ ఏం మాట్లాడిందో మాకు వినపడలేదు. క్రెయిగ్ మధ్యలో లేచి, అద్దం దగ్గరికొచ్చి, వేలితో ఒక్కో కప్పూ లెక్కపెట్టడం మాత్రం టీ గది తలుపులోంచి శశిధర్ చూశాడట. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడట.

గంట తర్వాత ఆంటీ బయటికొచ్చిందని తెలిసి అందరం టీ గదిలో చేరాం. "ఏడింటికే" అంది. "ఐదున్నర ఇష్టమున్నోళ్లకే. కప్పులు తియ్యమన్నడు, గదిల వెలుతురు వస్తలేదంట."

అందరూ ఒక్కసారి నవ్వారు. ఆమె కుర్చీలో కూలబడింది. "గొంతెండిపోయింది. కొంచెం చాయ్ పొయ్యే పిల్లా."

ఆమె కప్పు ఎక్కడో మధ్యలో ఇరుక్కుంది. చివరనున్న నాదే చేతికి అందింది. అందులోనే పోసిచ్చాను.