బావమరిది తల

ఇరవై ఏళ్లు సొంత సెలూన్లో తనే రాజుగా బతికిన మనిషి, పరాయి దేశంలో బావమరిది అద్దె గదిలో చాప మీద ముడుచుకుని పడుకోవాలంటే మాటలా? గదిలో అందరూ అతన్ని కత్తెర బావ అనేవారు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టు పోతే, "ఇక్కడ కటింగ్ వచ్చినవాళ్లకి మంచి గిరాకీ, వచ్చెయ్ బావా" అని రప్పించింది ఆ బావమరిదే. రావడమైతే వచ్చాడు. నెలాఖరులోగా ఏదో ఒక షాపువాళ్లు పెట్టుకోకపోతే మాత్రం మూటాముల్లె సర్దుకుని వెనక్కి పోవాల్సిందే. భార్య ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే ప్రశ్న, "ఏమండీ, ఇంకా ఏం తేలలేదా?"

పని చేతకాక కాదండీ బాబూ, మరీ ఎక్కువ చేతనయి వచ్చింది చిక్కు. మొదటి షాపులో అతను చేసిన కటింగ్ చూసి యజమాని తృప్తిగా తలాడించాడు కూడా. అంతలో బావ చేతులు అలవాటుగా కస్టమర్ నెత్తి మీద దబదబా దరువేశాయి. గడ్డం పట్టుకుని మెడని టక్కున తిప్పేశాయి. మనవాళ్లయితే "హమ్మయ్య" అని కళ్లు మూసుకుంటారు. ఆ కస్టమర్ కెవ్వుమని అరిచి, మెడకి కట్టిన గుడ్డతోనే వీధిలోకి పరుగెత్తాడు! రెండో షాపులోనూ ఇదే భాగోతం.

"వద్దు వద్దనుకుంటూనే ఉన్నానురా! ఈ చేతులు వింటేగా!" అని తలపట్టుకున్నాడు బావ.

"నీ తల వదిలెయ్, నా తల పట్టుకో. ఇవాళ్టి నుంచి ఆపడం నేర్చుకో," అన్నాడు బావమరిది.

రోజూ సాయంత్రం వంటగదిలో స్టూలు మీద కూర్చునేవాడు పాపం బావమరిది. బావ కత్తిరించేవాడు. చివర్న చేతులు నెత్తి మీదికి లేవగానే "ఆపు!" అని బావమరిది కేకేసేవాడు. వారం తిరిగేసరికి తల నున్నగా గుండయింది గానీ, బావ చేతులు మాత్రం లేస్తూనే ఉన్నాయి. బావమరిదికి విసుగొచ్చి, మూలనున్న చీపురు తెచ్చి అతని చేతిలో పెట్టాడు. "ఇదిగో, కత్తెర కింద పెట్టగానే దీన్ని గట్టిగా పట్టుకో. రెండు చేతులూ దీని మీదే ఉండాలి. సరేనా?"

మూడో షాపు యజమానురాలు మహా ఖచ్చితమైన మనిషి. కటింగ్ అయిపోయింది. బావ చేతులు నెత్తి మీదికి లేవబోయాయి. ఒక్క అంగలో మూలకి పోయి చీపురు అందుకుని, కస్టమర్ వైపు కన్నెత్తి చూడకుండా, కుర్చీ కింద వెంట్రుకలు ఊడవడం మొదలుపెట్టాడు. అద్దాల కింద ఊడ్చాడు, గుమ్మం దాకా ఊడ్చాడు. కస్టమర్ వెళ్లిపోయేదాకా చీపురు వదిలితే ఒట్టు.

యజమానురాలు నోరు తెరుచుకుని చూసింది. ఇన్నేళ్లలో ఎవరూ చెప్పకుండానే చీపురు పట్టుకున్న పనివాణ్ణి తను చూడనే లేదనీ, రేపటి నుంచే రమ్మనీ చెప్పింది. బావకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక అదే కుర్చీలో కూలబడ్డాడు.

దారిలోనే భార్యకి ఫోన్ చేశాడు. "తేలిందే!" అన్నాడు. అవతల ఆవిడ ఏడుస్తూ నవ్వింది.

గదికొచ్చేసరికి బావమరిది పొయ్యి దగ్గర నిలబడి ఉన్నాడు. విషయం విని "అబ్బా, బతికాం బావా! ఇంక నా జుట్టు నన్ను పెంచుకోనివ్వు," అన్నాడు.

"స్టూలు మీద కూర్చోరా."

"మళ్లీనా? కొయ్యడానికి ఏం మిగిలిందని?"

"కూర్చోమన్నానా!"

కూర్చున్నాడు. కత్తెర బావ ఆ గుండు మీద కొబ్బరినూనె పోసి, ఇన్నాళ్లూ బిగబట్టుకున్నదంతా తీరేలా మర్దన మొదలుపెట్టాడు. కళ్లు తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు. బావమరిది కళ్లు మూసుకుని, ఈసారి ఆపమనలేదు.

"మెడ కూడా తిప్పు బావా," అన్నాడు.