తేటగా ఉన్న ఆయిల్

పాత కార్ల ఇంజన్లలో వాడిన ఆయిల్‌ను పరీక్షించడం మా పిన్ని పని. గ్యారేజీ వెనక గదిలో అద్దుడు కాగితం మీద ఒక చుక్క వేస్తుంది. అది పాకిన తీరు చూసి లోపల మసి ఎంతుందో చెబుతుంది. చుక్క పాకడానికి సమయం పడుతుంది. ఆ కాసేపూ పిన్ని కాలుగాలిన పిల్లిలా గదంతా తిరుగుతుంది. చూసేవాళ్లకి కళ్లు తిరగాలి.

ఒకసారి పాత కార్లవాళ్లంతా మర్నాటికి కొండదారిలో షికారు పెట్టుకున్నారు. బాబాయి కూడా తన తండ్రి నడిపిన కారు తీస్తానన్నాడు. దారిలో ఇంజన్ పట్టేస్తే పక్కనే లోయ. అందుకే పిన్ని ముందు ఆయిల్ తెమ్మంది. సీసాలో తెచ్చాడు. చుక్క తేనెరంగులో తేటగా పాకింది.

"చూశావా! నా ఇంజన్ నాకన్నా ఆరోగ్యంగా ఉంది," అన్నాడు బాబాయి.

నడిచిన ఇంజన్‌లో ఆయిల్ ఇంత తేటగా ఉండదని పిన్నికి మనసొప్పలేదు. కాగితాన్ని వెలుతురులో పెట్టి చూసింది. ఆయిల్‌ను వేళ్ల మధ్య రుద్దింది, వాసన చూసింది, మళ్లీ కిటికీ దగ్గరికి నడిచింది. నాకే విసుగొచ్చింది.

"ఏమండీ, ఆయిల్ మార్చారా?"

"అబ్బే... పొద్దున ఏదో కాస్త..."

"పాతదేం చేశారు?"

బాబాయి చూపు షెడ్డువైపు పోయింది. పిన్ని ఊరుకునే రకమా? షెడ్డులోకి పరుగెత్తి, గోనెసంచి కింద దాచిన డబ్బా పట్టుకొచ్చింది. పైనున్న నల్లటి ఆయిల్ వంచేసి అడుగున వేలు పెట్టింది. వేలినిండా మెరిసే లోహపు పొడి. ఇంజన్ లోపల బేరింగులు అరిగి రాలుతున్నాయి.

"ఇంజన్‌లో ఆ అరుగుడు చప్పుడు వినే ఉంటారు. తెలిసే మార్చారు! ప్రాణం మీద తీపి లేదా మీకు?"

బాబాయి కుడిచెయ్యి చాచాడు. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి.

"వచ్చే ఏటికి దీంతో స్టీరింగ్ పట్టుకోగలనో లేదో. ఒక్కసారి నడిపి వద్దామనుకున్నాను."

ఆ వణుకు పిన్ని ఇన్నాళ్లూ చూడలేదు. నేనూ చూడలేదు. మా మొహాలు చూసి బాబాయే, "పోనీలే, మానేస్తాను," అన్నాడు.

పిన్ని నిలువలేకపోయింది. గుమ్మందాకా వెళ్లి, వెనక్కొచ్చి, ఫోన్ తీసింది. షికారుకు వెళ్లేవాళ్లలో ఒకడైన దర్జీ పలికాడు.

"అన్నయ్యా, మొన్న చూశాగా, నీ ఆయిల్ బాగుంది. రేపు కొండ మలుపులు మొదలయ్యేదాకా స్టీరింగ్ మా ఆయనకివ్వు. నువ్వు పక్కనే ఉండు."

"దానిదేముంది చెల్లెమ్మా! బావ కారుకేమైంది?"

"బేరింగులు పోయాయి."

"అయ్యో! అలాంటప్పుడు నడపడం దేనికి? హాయిగా వెనక కూర్చోమను. వచ్చే ఏడు తన కారే నడుపుకుంటాడు."

పిన్ని బాబాయి కుడిచెయ్యి పట్టుకుని, "లేదన్నయ్యా, రేపే నడపాలి," అంది.