సుగుణమ్మ దొడ్లో పెద్ద పుంజు

నేను పదవీ విరమణ చేయడానికి మూడేళ్ల ముందు, కరోనా సద్దుమణిగిన ఏడాది, నన్ను పత్తికొండ వైపు ఒక పల్లె పశువైద్యశాలకు బదిలీ చేశారు. హోదా పశువైద్యాధికారి. పనిలో సగం వైద్యం, సగం నివేదికలు. పెరటి కోళ్ల పథకం కింద కోడిపిల్లల్ని పంచడం, అవి బతికాయో లేదో పైకి తెలపడం కూడా నా నెత్తినే ఉండేది.

ఆ పథకంలో గుడ్ల కోళ్లు తీసుకున్నవాళ్లలో సుగుణమ్మ ఒకరు. ఆమె, భర్త దావీదు కూలికి పోయేవాళ్లు. కొంచెం మెట్ట చేను ఉన్నా వాన పడితేనే పంట. గుడ్లే ఇల్లు గడిపేవి. దావీదుకేమో జాతికోళ్ల పిచ్చి. నిలబడితే మోకాలు దాటే పుంజు ఒకటి, అదే జాతి పెట్టలు రెండు ఉండేవి. చర్చిలో పాస్టరుగారు మందలించాక పందేలు మానుకున్నాడు గానీ కోళ్లను వదులుకోలేకపోయాడు.

"ఈయప్ప పెట్టలు నా పెట్టల్ని పొడుస్తాండాయి సార్. భయానికి గుడ్లు కూడా పెట్టడంల్యా. అమ్మేయమంటే ఇనడు," అని సుగుణమ్మ ఒకరోజు ఆస్పత్రికి వచ్చి చెప్పింది.

జాతి పుంజు మరో పుంజు కనబడితేనే కయ్యానికి దిగుతుంది. పెట్టల జోలికి సాధారణంగా పోదు. గుడ్ల కోళ్లను ఏడిపించేది జాతి పెట్టలే. అందుకని దొడ్లో అడ్డంగా వల కట్టించి, కొన్ని వారాలు రెండు గుంపులూ ఒకదాన్నొకటి చూసుకుంటూ అలవాటు పడేలా చేశాను. మేత దూరదూరంగా నాలుగైదు చోట్ల పెట్టించాను. తరిమితే చాటుకు పోవడానికి కందికట్టెలతో అక్కడక్కడ తడికలు వేయించాను. ఎదిగిన పుంజు ఇంకొకటి లేకుండా చూసి, ముందుగా పుంజును వదిలాం. అది కుదురుకున్నాక జాతి పెట్టల్ని ఒక్కొక్కటిగా వదిలాం. పెట్టలు కొట్లాటకు దిగితే పుంజు తాపీగా నడిచొచ్చి మధ్యలో నిలబడేది. రెండూ చెరో దారి పట్టేవి. ఈ దొడ్డికి ఇదే పెద్దమనిషి, అన్నిటికన్నా ఇదే ముఖ్యమని ఆ దంపతులకు పదేపదే చెప్పాను. కొన్నాళ్లకు గుడ్లు మళ్లీ మొదలయ్యాయి.

నాకు కాస్త గర్వం తలకెక్కింది. నలుగురికీ చూపించదగ్గ పని అనుకుని జిల్లా నుంచి మా పై అధికారిని పిలిచాను. పెద్దసారు మీ పుంజును చూడటానికి వస్తున్నారని దావీదుకు కబురు పెట్టాను.

మేం వెళ్లేసరికి వాకిలి చిమ్మి నీళ్లు చల్లి ఉంది. పెట్టలన్నీ మేస్తున్నాయి, పుంజు మాత్రం లేదు. పుంజు ఏదమ్మా అని అధికారి అడిగారు.

"పొద్దున్నే కోసినాం సార్. ముదురు కోడి గదా, ఉడకడానికి శానా సేపు పట్టింది. రాండి, కూసోండి," అంది సుగుణమ్మ, సంగటి ముద్దలు కంచాల్లో పెడుతూ.

నేను దావీదును పక్కకు పిలిచి, ఇంకే కోడీ దొరకలేదా అప్పా అన్నాను.

"పెద్దసారు వస్తాంటే చిన్న కోడిని కోస్తే బాగుంటాదా సార్? ఇదే ముఖ్యమని మీరే చెప్తిరి గదా," అన్నాడు. నా మొహంలోకి చూడలేదు.

వాళ్ల తప్పేమీ లేదు. అధికారి క్యాంపుకు వస్తే కోడి తెగడం మా ఉద్యోగాల్లో మామూలు. ఫలానా కోడి బాగుందని నోరు జారితే ఇక దానికి నూకలు చెల్లినట్టే. సర్వీసంతా నేనూ అలా తిన్నవాడినే. ఎవరి ఇంట్లో ఏ కోడి తెగిందో ఒక్కసారీ అడిగింది లేదు.

తినకుండా లేచి వెళ్లిపోదామనిపించింది. కానీ అది ఊరి చివర పేట. మా కులాలవాళ్లు అక్కడ మంచినీళ్లు కూడా ముట్టకుండా లేచిపోవడం వాళ్లు పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. నేను లేస్తే దానికి వాళ్లకు తోచే అర్థం అదొక్కటే. తలవంచుకుని తిన్నాను. పై అధికారి రెండోసారి వడ్డించుకుని, కూర బ్రహ్మాండంగా ఉందన్నారు. సుగుణమ్మ సంతోషపడింది. అంత సిగ్గుతో నేను ఎన్నడూ అన్నం తినలేదు.

నెల తిరక్కుండానే జాతి పెట్టలు మళ్లీ మొదలుపెట్టాయి. సుగుణమ్మ బూడిదరంగు పెట్ట ఒకటి తలంతా గాయాలై చచ్చిపోయింది. అమ్మనే అమ్మనన్న దావీదు తనే ఆ జాతి పెట్టల్ని సంతకు తోలేశాడు. కడపలో తెలిసినవాళ్ల దగ్గర మంచి పుంజు ఉంది, తెప్పిస్తానన్నాను.

"వద్దులే సార్. మళ్లా ఎవరన్నా చూడనీకి వస్తారు," అన్నాడు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా క్యాంపుకు సద్ది కట్టుకునే వెళ్లాను. వస్తున్నానని కబురు పెట్టేటప్పుడే ఆ సంగతీ చెప్పించేవాణ్ని. జాతికోళ్లను గుడ్ల కోళ్లతో కలిపి ఎలా పెంచాలని ఇప్పటికీ కొందరు అడుగుతుంటారు. వల, మేత, తడికలు, ఒకే పుంజు, అన్నీ వివరంగా చెబుతాను. అంతా కుదిరాక అధికారుల్ని మాత్రం పిలవొద్దని కూడా చెబుతాను.